కీబోర్డు ఉన్నన్నాళ్లు

“దాన్ని ఊపొద్దప్పా, ఊడొస్తాది. ఎడమ మూల ఉండాది సూడు, అదొక్కటే. మిగతావన్నీ నేను పోయినాంక కూడా పనిచేస్తాయి.”

ఆంజనేయులు చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. ఆయన నెలకోసారి ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి వచ్చి, గోవిందయ్య జిన్నింగు మిల్లులో ఇన్వర్టరు బ్యాటరీలకు నీళ్లు పోసి పోయే మనిషి. బ్యాటరీలు ఉండేది మేడమీద, కంప్యూటర్ల గదిలో. నీళ్లు పోయడానికి పట్టే సమయం తక్కువ, కాసేపు ఆగి మట్టం చూసుకునే సమయం ఎక్కువ. ఆ ఆగే సమయంలో కంటికి ఏది కనబడితే దాని గురించి అడుగుతాడు. చెప్పేవాళ్లు తొందరపడినా తాను తొందరపడడు.

ఈసారి కంటికి కనబడింది మహేశ్వర్. తన కీబోర్డును పసిబిడ్డను పడుకోబెట్టినట్టు తువ్వాలు మీద పెట్టుకుని, పంటిపుల్లతో ఒక మూల మెల్లగా పొడుస్తూ కూర్చున్నాడు. అది ఈ కాలం కీబోర్డు కాదు. పచ్చబడిన తెల్లరంగు, ఒంటిచేత్తో ఎత్తితే మణికట్టు నొప్పెట్టేంత బరువు. దాని ఎడమ మూల మిగతావాటికి దూరంగా ఒక మీట ఒంటరిగా ఉంది. మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. అది ఎస్కేప్ మీట అని మహేశ్వర్ చెబితేనే తెలిసింది. ఆ పొద్దున దాని కింది కాడ పుటుక్కుమంది.

మీట పోతే ఏమవుతుందని ఆంజనేయులు అడిగాడు.

మహేశ్వర్ తల ఎత్తకుండానే చెప్పాడు. మీట పోతే కీబోర్డు పోయినట్టు. కీబోర్డు పోతే తన ఎడిటర్ పోయినట్టు. అది ఒప్పందం. ఒప్పందం చేసింది సావుకారు గోవిందయ్య. దాన్ని అమలు చేయాల్సింది సావుకారు కూతురు హర్షిణి. ఆమె హైదరాబాదు పోయింది, సోమవారం వస్తుంది.

“వచ్చీ రాంగానే మొదట అదే సూస్తాది,” అంది కిటికీ పక్క బల్ల దగ్గర పనిచేసుకుంటున్న రూత్. “నమస్తే కూడా తర్వాతే.”

ఎడిటర్ అంటే ఏమిటని ఆంజనేయులు అడిగేవరకూ ఇద్దరూ ఆగారు. అడుగుతాడని వాళ్లకు తెలుసు.

ప్రోగ్రాములు రాసేవాళ్లకు రాయడానికి ఒక పలక కావాలి. అదే ఎడిటర్. ఎవరి పలక వాళ్లది, దేంట్లో రాసినా ప్రోగ్రాము ఒకటే అవుతుంది. రూత్ వాడేది వీఎస్ కోడ్. అది సర్దిపెట్టిన కిరాణా అంగడిలాంటిది. ఎడమ పక్క సరుకుల వరుస, రంగురంగుల అక్షరాలు, సగం మాట రాస్తే మిగతా సగం అదే అందిస్తుంది. రాసింది రాసిన వెంటనే దానంతటదే దాచిపెట్టేలా రూత్ దాన్ని అమర్చుకుంది.

మహేశ్వర్ వాడేది విమ్. నల్లటి తెర, దాని మీద అక్షరాలు, అంతే. బొత్తాలు లేవు, మౌసుతో పని లేదు. రాసేటప్పుడు అక్షరం అక్షరమే. ఎస్కేప్ నొక్కితే మాత్రం ప్రతి అక్షరమూ ఒక ఆజ్ఞ అవుతుంది. జె నొక్కితే కిందికి దిగుతుంది, ఎక్స్ నొక్కితే ఒక అక్షరాన్ని మింగుతుంది, డి రెండుసార్లు నొక్కితే వరుస మొత్తం మాయం. పని అయిపోయాక ఎస్కేప్ కొట్టి, ఒకదాని కింద ఒకటి ఉండే రెండు చుక్కలు, తర్వాత డబ్ల్యూ, క్యూ రాసి ఎంటర్ నొక్కాలి. రాసింది భద్రమవుతుంది, తలుపు మూసుకుంటుంది. ఇన్ని పనులకూ గడప ఆ ఎస్కేప్ మీటే. రోజుకు ఎన్నిసార్లు నొక్కుతావని ఆంజనేయులు అడిగితే, ఊపిరి ఎన్నిసార్లు తీసుకుంటావని మహేశ్వర్ తిరిగి అడిగాడు.

“అంత ఇబ్బంది పెట్టేది ఏంటికన్నా వాడేది?” అన్నాడు ఆంజనేయులు.

“ఇబ్బంది నీకప్పా. నాకు కాదు.”

ఈ ఇబ్బంది లేకుండా పోవడం వెనక పెద్ద కథ ఉంది. మహేశ్వర్ ఆదోనిలోనే పుట్టాడు. పది తప్పాక ఇంట్లోవాళ్లు రైలు స్టేషను దారిలోని శామ్యూల్ మాస్టారి టైపు ఇన్‌స్టిట్యూటులో చేర్చారు. అక్కడ ఒక పద్ధతి ఉండేది. కొత్తగా చేరినవాడు వేళ్ల వైపు చూడకుండా మాస్టారు వాడి చేతుల మీద తువ్వాలు కప్పేవాడు. కాస్త కుదిరాక, కాగితం వైపు కూడా చూడనిచ్చేవాడు కాదు. గోడమీది యేసుప్రభువు పటం చూస్తూ టైపు కొట్టమనేవాడు. మహేశ్వర్ టైపులో హయ్యరు పరీక్ష పాసయ్యేనాటికి ఆ పటంలోని గొర్రెపిల్లల్లో ఏది ఎటు చూస్తోందో చెప్పగలిగేవాడు గాని, తన వేళ్లు ఎక్కడున్నాయో చెప్పలేకపోయేవాడు. వాటి పని అవి చేసుకునేవి.

తర్వాత టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. మౌసు వచ్చింది. మౌసు పట్టుకోవాలంటే చెయ్యి కీబోర్డు మీంచి తీయాలి, తీస్తే మళ్లీ పెట్టేటప్పుడు చూసుకోవాలి. అది ఆయనకు మాస్టారిని మోసం చేసినట్టు అనిపించేది. అప్పట్లో ఒక కంప్యూటరు పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలో ఈ ఎడిటర్ ఉంది. నేర్పేవాళ్లు లేరు. తెరిచాడు, బయటికి రావడం తెలియలేదు, కరెంటు తీసేశాడు. మర్నాడూ అంతే. బయటికి వచ్చే దారి తెలిసేలోపు లోపల ఉండటం అలవాటైపోయింది.

గోవిందయ్య మిల్లులో చేరి, కాటా ప్రోగ్రాము రాశాడు. పత్తి ట్రాక్టరు వచ్చి కాటా ఎక్కితే బరువు కంప్యూటరులో పడుతుంది, దించాక ఖాళీ బండి బరువు పడుతుంది, రెండింటి తేడా చీటీ మీద అచ్చవుతుంది. అది నచ్చి ఎమ్మిగనూరులో ఒక మిల్లు, కోడుమూరులో ఒక మిల్లు కూడా తీసుకున్నాయి. కంప్యూటర్లు చాలా మారాయి గాని కీబోర్డు మారలేదు, ఎడిటర్ మారలేదు. ఎడిటరులో తనకు తోచినట్టు చేసుకున్న మార్పులు ఒక చిన్న ఫైలులో ఉంటాయి. దాన్ని ఫ్లాపీలోంచి సీడీలోకి, సీడీలోంచి పెన్‌డ్రైవులోకి, ఇల్లు మారేవాళ్లు దేవుడి పటాన్ని ముందుగా పట్టుకుపోయినట్టు పట్టుకుపోయాడు. ఆ ఫైలు పుణ్యాన ఆయన కంప్యూటరులో కామా రెండుసార్లు కొడితే ‘క్వింటాలు’ అని పడుతుంది. ఎందుకు కామా అంటే, ఆ రోజు వేలు అక్కడుంది.

హర్షిణి నిరుడు చదువు ముగించుకుని హైదరాబాదు నుంచి వచ్చి, మేడమీది గది బాధ్యత తీసుకుంది. ఆమె చెడ్డది కాదని మహేశ్వర్ ఆంజనేయులుకు రెండుసార్లు చెప్పాడు. రూత్ కూడా చెప్పింది. నెమ్మదైన పిల్ల, పని తెలిసిన పిల్ల. ఆమె అడిగింది ఒకటే. మహేశ్వర్ జ్వరంతో పడుకుంటే ఆయన కుర్చీలో ఇంకెవరు కూర్చోగలరు?

అది ఊహించి అడిగింది కాదు. మహేశ్వర్‌కు నిజంగానే జ్వరం వచ్చి, కాటా ప్రోగ్రాములో చిన్న మార్పు అవసరమై ఆమె ఆయన కంప్యూటరు దగ్గర కూర్చుంది. కాలేజీలో విమ్ కాస్త చూసింది కూడా. కాని కాలేజీ విమ్ వేరు, మహేశ్వర్ విమ్ వేరు. ఒక అక్షరం కొట్టగానే అర పేజీ మాయమైంది. ఇంకో అక్షరం కొడితే మిగిలిన అర పేజీలో అడుగడుగునా ‘క్వింటాలు’ వచ్చి కూర్చుంది. ఆమె ఫోన్ చేస్తే మహేశ్వర్ దుప్పటి లోంచి, యు నొక్కమ్మా, నొక్కుతానే ఉండు, అన్నీ వెనక్కొస్తాయి అన్నాడు. వచ్చాయి. ఆమె లేచి, చేతులు కడుక్కుని, దసరా నుంచి ఈ గదిలో అందరిదీ ఒకటే ఎడిటర్ అని చెప్పింది. రూత్‌ది వీఎస్ కోడే, హర్షిణిది కూడా అదే. కాబట్టి ఆ మాట ఒక్క మనిషికే.

 ఆ రాత్రి మహేశ్వర్ అన్నం సరిగా తినలేదని ఇంటావిడ కనకమ్మ తర్వాత రూత్‌తో చెప్పింది. ఏమైందని ఆమె అడిగితే, ‘సేతులు తీసేయమంటాండారు’ అన్నాడట. కనకమ్మ మిల్లులో ఏదో ప్రమాదం అనుకుని, తెల్లారకముందే రూత్‌కు ఫోన్ చేసింది.

అట్లా ఉండగా దసరా వచ్చింది. గోవిందయ్య మిల్లులో ఆయుధపూజ గట్టిగా చేస్తారు. పత్తి నుంచి గింజ తీసే జిన్నులకు, కాటాకు, లారీకి, మేడమీది కంప్యూటర్లకు కూడా. ఇక్కడ గోవిందయ్యకు ఒక నియమం ఉంది. కాటా, దాని కంప్యూటరు ఊరివి, వాటికి పూజ చేసి వెంటనే వాడుకోవచ్చు. మేడమీది కంప్యూటర్లు అట్లా కాదు. ఒక మనిషి తన చేత్తో పట్టుకుని పని చేసే పనిముట్టు ఏదైనా, పూజలో పెడితే విజయదశమి ముహూర్తం వరకు ముట్టుకోకూడదు. అలిసిపోయినది మనిషి ఒక్కడే కాదు కదా అంటాడు. మహేశ్వర్ కీబోర్డుకు ఆ రోజు మీట మీటకూ కుంకుమ పెట్టడానికి పంతులు ఒప్పుకోకపోతే, మహేశ్వర్ ఎస్కేప్ ఒక్కదానికి పెట్టించుకున్నాడు. ఆ ఎడిటరుకు అదే ఆఖరి పూజ అని గదిలో అందరికీ తెలుసు.

పూజలో పెట్టనిది రూత్ కంప్యూటరు ఒక్కటే. వాళ్లు చర్చికి పోయేవాళ్లు. మొదటి ఏడు పంతులు అడిగితే నాది వద్దులేప్పా అంది. గోవిందయ్య సరేనన్నాడు. ప్రసాదం మాత్రం ప్రతి ఏడూ ముందు ఆమె బల్ల మీదే పెట్టిస్తాడు.

ఆ రోజు రూత్ సెలవు పెట్టి కోడుమూరులో చెల్లెలింటికి పోయింది. హర్షిణి అమ్మతోపాటు గుడికి పోయింది. పైన మబ్బు పట్టింది. పండగైనా వాన భయంతో పత్తి ట్రాక్టర్లు వచ్చి మిల్లు ముందు వరుస కట్టాయి. కాటా గుమాస్తా సిద్దప్ప చీటీలు ఇవ్వడం మొదలుపెట్టాడు. కాసేపటికే కింద గొడవ మొదలైంది.

చీటీ మీద తూకంలో చివరి అంకె లేదు. ముందురోజు రూత్ చీటీలో రైతు ఫోన్ నంబరుకు చోటు చేసింది. ఆ చోటు తూకం చివరి అంకెను అంచు అవతలికి తోసేసింది. లోపల కంప్యూటరులో తూకం సరిగానే ఉంది. కాని రైతు చేతిలోకి పోయేది చీటీ. బండెడు పత్తి తెచ్చినవాడికి సంచెడు పత్తి లెక్క కనబడితే నోరు ఊరికే ఉండదు. సిద్దప్ప మేడమెట్ల కింద నిలబడి మహేశ్వర్‌ను పిలిచాడు.

మహేశ్వర్ ప్రసాదం కోసం వచ్చి, తన కంప్యూటరు ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. ముట్టుకోవడానికి వీల్లేదు. హర్షిణి కంప్యూటరు మీద కూడా పసుపు, కుంకుమ, పైన బంతిపూలు. మిగిలింది రూత్‌ది. ఆమెకు ఫోన్ చేసి, చీటీ ఫైలు ఎక్కడుందో అడిగి తెలుసుకుని, ఆమె కుర్చీలో కూర్చున్నాడు.

పరాయివాళ్ల చెప్పులు తొడుక్కున్నట్టుంది అప్పా, అని ఆయన ఆంజనేయులుతో అన్నాడు. ముందు కిందికి దిగడానికి జె కొట్టాడు. కిందికి దిగలేదు, జె వచ్చి కూర్చుంది. ఇంకో నాలుగు కొట్టాడు. చీటీ మీద ఐదు జెలు. వాటిని తుడిపేయడానికి ఎక్స్ కొట్టాడు. ఎక్స్ కూడా వచ్చి వాటి పక్కనే కూర్చుంది. కింద ఎవరో సావుకారును పిలవమంటున్నారు. మహేశ్వర్ ఎంతో కాలం తర్వాత తన వేళ్ల వైపు చూసుకున్నాడు. అవి ఎవరివోలా ఉన్నాయట. మౌసు పట్టుకుని, ఒక్కో అక్షరం వెతికి తుడిచి, తూకం వరుసను ఎడమకు జరిపి, చివరి అంకెకు చోటు చేసి, మౌసుతో అడుగు వరకూ దిగి చివరి వరుస కింద నొక్కి చూసుకున్నాడు. సిద్దప్ప ఒక చీటీ తీసి చూసి, కింది నుంచే బాగుండాది అని కేక వేశాడు.

కేక వినగానే మహేశ్వర్ మనసు తేలికపడింది. మనసు తేలికపడితే వేళ్లు వాటి పని అవి చేసుకుంటాయి. ఎస్కేప్, రెండు చుక్కలు, డబ్ల్యూ, క్యూ, ఎంటర్. ఎంటర్ నొక్కడమూ కుర్చీలోంచి లేవడమూ ఆయనకు ఒకటే పని. తెర వైపు చూడలేదు. చూడకూడదనే కదా శామ్యూల్ మాస్టారు తువ్వాలు కప్పింది.

రూత్ ఎడిటరుకు ఆ ఆజ్ఞ తెలియదు. అక్షరాలు కొడితే అక్షరాలే అనుకుంది, అనుకున్నది వెంటనే భద్రం చేసింది. ఆ ఫైలు ప్రోగ్రాము కాదు, చీటీ ఎట్లా కనబడాలో చెప్పే నమూనా. అందులో ఏముంటే అది కాగితం మీద పడుతుంది. ఆ రోజు నుంచి గోవిందయ్య మిల్లు చీటీల అడుగున, ‘మీ రాకకు సంతోషం’ అన్న మాట కింద, రెండు చుక్కలు, డబ్ల్యూ, క్యూ అచ్చవుతూ వచ్చాయి.

“అవి నేను సూసినానన్నా,” అన్నాడు ఆంజనేయులు. “మా బామ్మర్ది సీటీలో. సావుకారు ఇంటిపేరేమో అనుకున్న్యా.”

రూత్ సెలవు ముగించుకుని వచ్చి ఫైలు తెరిచింది. ఈ పనిలో ఉన్నవాళ్లెవరికైనా ఆ మూడూ చూడగానే తెలుస్తుంది, ఇది ఎవరి చెయ్యో. ఆమె నవ్వలేదు. హర్షిణి భోజనానికి పోయేవరకూ ఆగి, మహేశ్వర్ బల్ల దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది.

“అన్నా, నీవి ఈడ పడిపోయినాయి.”

మహేశ్వర్ చూసి, తీసెయ్యమ్మా, అన్నాడు. ఆమె తీసేసింది. దసరా అయిపోయినా, ఎడిటర్ మార్చే పనిని సీజను తొందర వల్ల హర్షిణి దీపావళికి వాయిదా వేసి ఉంది. ఈ సంగతి ఆమెకు తెలిస్తే ఆ వాయిదా ఉండదు. వేరే ఎడిటర్ చేతికిస్తే చీటీ పాడుచేసేవాడు మిల్లుకు ప్రమాదమని ఆమె అనవచ్చు, అంటే తప్పు కూడా కాదు. ఇద్దరూ ఆ సంగతి ఇక్కడితో ముగిసిందనుకున్నారు.

ఆ మర్నాడు సి.బెళగల్ వైపు నుంచి ఉరుకుందమ్మ ట్రాక్టరు వచ్చింది. ఆమె సొంతంగా సేద్యం చేసుకునే మనిషి, ఆయుధపూజ రోజు అంకె తెగిన చీటీ చేతిలో పడ్డవాళ్లలో ఒకతె. తూకం అయ్యాక సిద్దప్ప చీటీ ఇస్తే, అడుగున చూసుకుని తిరిగి అతని చేతిలోనే పెట్టింది. అడుగున గుర్తు లేదు, నాకు గుర్తు వేసిన చీటీ ఇయ్యి అంది. ఆమె వెనక ఉన్నవాళ్లు కూడా తమ చీటీలు తిప్పి చూసుకున్నారు. వాళ్లూ వెనక్కిచ్చారు. ట్రాక్టర్లు కాటా దిగడం మానేశాయి.

హర్షిణి కిందికి పోయింది. ఉరుకుందమ్మ దగ్గరున్న పాత చీటీ తీసుకుని అడుగున చూసింది. చూసి, మేడ వైపు ఒకసారి చూసింది. అప్పటికి మహేశ్వర్ మెట్ల మీదే నిలబడి ఉన్నాడు.

ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అది గుర్తు కాదు, దానికి అర్థమేమీ లేదు, పొరపాటున పడింది, అది లేకపోయినా తూకం సరిగానే ఉంటుంది. ఉరుకుందమ్మ అంతా విన్నది.

“అదంతా నాకు తెల్దమ్మా. అది లేనప్పుడు నా అంకె తెగిపాయ. అది వచ్చినాంక అంకె తెగల్యా. ఇప్పుడు మల్ల తీసేసినారు. మీరైతే తీసుకుంటారా?”

 లెక్క ప్రకారం ఆవిడ చెప్పింది నిజమే. వాదనలో ఎక్కడ తప్పుందో చెప్పాలంటే ఆయుధపూజ నుంచి మొదలుపెట్టాలి. హర్షిణి మేడెక్కి, తన చేత్తోనే ఆ మూడూ మళ్లీ చీటీ అడుగున పెట్టింది. ట్రాక్టర్లు కదిలాయి. అప్పుడు మహేశ్వర్‌ను వెంటబెట్టుకుని తండ్రి దగ్గరికి పోయింది.

గోవిందయ్య జిన్ను ముందు కుర్చీ వేసుకుని, పత్తి పింజను రెండు బొటనవేళ్ల మధ్య లాగి పోగు పొడవు చూస్తున్నాడు. ఇద్దరి మాటా విన్నాడు. హర్షిణి అన్నది ఇది. ఒక్క ఎడిటర్ తప్ప ఇంకోటి చేతకాకపోతే ఏమవుతుందో చూశారు కదా, అందుకే అందరిదీ ఒకటి కావాలి. మహేశ్వర్ అన్నది ఇది. నా ఎడిటరులో నేనుంటే అవి బయట పడేవే కావు, అందుకే నాది నాకు కావాలి. ఇద్దరికీ సాక్ష్యం ఒకే చీటీ. దాన్ని ఇద్దరూ చెరో మూల పట్టుకుని చూపించారట.

గోవిందయ్యకు ఎడిటర్ అంటే ఏమిటో తెలియదు. అది కీబోర్డు లోపల ఉండే సామాను అనుకుంటున్నాడని కాసేపటికి ఇద్దరికీ అర్థమైంది. హర్షిణి విడమరచబోయింది. అది కీబోర్డులో ఉండదు నాన్నా, కంప్యూటరులో ఉంటుంది.

“కీబోర్డులో ల్యాకుంటే మరి ఆయన యేళ్లు యాడ పెడతాండాడు?”

హర్షిణి విడమరచడం మానేసింది. 

పింజ వదిలేసి గోవిందయ్య తీర్పు చెప్పాడు. మిల్లులో ఏ యంత్రానికైనా ఆయన చెప్పేది అదే. నడుస్తున్నదాన్ని తీసెయ్యడు, ఆగిపోయినదాన్ని ఉంచడు. ఆ కీబోర్డు నడిచినన్నాళ్లు మహేశ్వర్ పద్ధతి మహేశ్వర్‌ది. అది పోయిన రోజు నుంచి హర్షిణి పద్ధతి. నడవడమంటే ఏమిటని హర్షిణి అడిగి, అన్ని మీటలూ పనిచేస్తేనే నడిచినట్టు, ఒక్కటి పోయినా పోయినట్టే అని ఒప్పించుకుంది. మహేశ్వర్ ఒప్పుకున్నాడు. అంత బరువైన కీబోర్డు తనకంటే ముందు పోతుందని ఆయన అనుకోలేదు.

చీటీ మీద ఆ మూడూ ఎట్లాగూ ఉండేవే కాబట్టి, ఉండేవి చక్కగా ఉండాలని హర్షిణి వాటిని నడుమకు జరిపి, లావు అక్షరాలు చేసింది. తర్వాత ఎమ్మిగనూరు మిల్లువాళ్లు ఫోన్ చేసి, ఆదోని చీటీలకు గుర్తుంది, మాకెందుకు పెట్టలేదని కోపగించుకున్నారు. వాళ్లకూ పెట్టి పంపారు. మహేశ్వర్ వారానికోసారి రూత్ కుర్చీలో కూర్చుని, ఆమె ఎడిటరులో కాసేపు రాయడం నేర్చుకుంటున్నాడు. అది ఎవరో పెట్టిన షరతు కాదు. చక్కెర జబ్బున్నవాడు కాకరకాయ తిన్నట్టు, ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా చేస్తాడని రూత్ చెప్పింది. లేచేటప్పుడు మాత్రం ఆమె తెర చూస్తుంది.

“ఆఖరి మూడూ నేను తుడుచుకుంటాను లేన్నా,” అంటుందట ప్రతిసారీ.

కథ ఇక్కడికొచ్చి ఆగింది. బ్యాటరీల్లో నీళ్ల మట్టం ఎప్పుడో సరిపోయింది. ఆంజనేయులు మూతలు బిగిస్తూ, మరి ఇప్పుడేం చేస్తావని అడిగాడు.

మహేశ్వర్ పొద్దుటి నుంచి చేసినవన్నీ చెప్పాడు. జిగురు పెట్టాడు, మీట అతుక్కుంది గాని దిగలేదు. దాని చోట పత్తిగింజ పెట్టి చూశాడు. దిగింది గాని తిరిగి లేవలేదు. కొత్త కీబోర్డు పెట్టుకోవచ్చు, కాని ఒప్పందంలో మాట కొత్త కీబోర్డు గురించి కాదు. ఎస్కేప్ పనిని పక్కనున్న ఇంకో మీటకు అప్పజెప్పుకోమని రూత్ సలహా ఇచ్చింది. అట్లా చేయొచ్చు, చిన్న పనే, చాలామంది చేసుకుంటారు కూడా.

“సేసుకోవచ్చమ్మా,” అన్నాడు మహేశ్వర్ ఆమెతో. “అట్ల మార్చుకునే మనిషినైతే ఎడిటరే మార్చుకుందును. ఇంత రచ్చ ఏంటికి?”

రూత్ ఆ మాటకు తల ఊపి తన పని చూసుకుంది.

ఇంతకూ చెడిపోయినదాన్ని బాగుచేసుకోవచ్చా లేదా అన్నది ఒప్పందంలో ఉందా అని ఆంజనేయులు అడిగాడు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదట. ఎత్తితే వద్దంటారేమోనని మహేశ్వర్ కూడా ఎత్తలేదు.

ఆంజనేయులు డబ్బా ఎత్తుకుని, పాత చీర పేలికతో చేతులు తుడుచుకున్నాడు. ఎమ్మిగనూరు బస్టాండు వెనక పాత సామాను కొనే గుజిరీ అంగడి ఒకటుందని, తాను పాత బ్యాటరీలు అమ్మేది అక్కడేనని, మూతబడిన ఇంటర్నెట్ సెంటర్ల సామానంతా అక్కడ గోడ వారగా కుప్ప పోసి ఉంటుందని, అందులో ఇట్లాంటి బరువైన కీబోర్డులు రెండు మూడు చూసిన గుర్తుందని చెప్పాడు. చెప్పి, బయల్దేరబోయాడు.

మహేశ్వర్ లేచి నిలబడ్డాడు. మీటను ఊడదీసి, చిన్న కాగితంలో చుట్టి ఆంజనేయులు చొక్కా జేబులో పెట్టి, జేబు మీద అరచేత్తో ఒకసారి తట్టాడు.

“కొలతకు ఇది పెట్టి సూడప్పా. పైన రాత ల్యాకున్నా పర్వాల్యా, కింద కాడ మాత్రం గట్టిగా ఉండాల. ఆదివారం మాపటేలకు తెచ్చియ్యి, కింద సిద్దప్పకు ఇయ్యొద్దు, నా సేతికే ఇయ్యి. మల్ల ఒకటి తేవద్దు, రెండు తే.”